వద్దన్నా వదలని బ్రౌజరు: మిశ్రమమా, సమ్మేళనమా?

తెలుగునాట పాఠశాలలో రసాయనశాస్త్రం చదువుకొన్నవారిలో చాలామందికి ఒక ప్రయోగం గుర్తుండే ఉంటుంది. ఇనుప రజనునూ గంధకపు పొడినీ ఒక కాగితంమీద పోసి కలుపుతారు. బూడిదరంగు రేణువులూ పసుపురంగు రేణువులూ పక్కపక్కనే కనబడుతూ ఉంటాయి. అయస్కాంతాన్ని దగ్గరకు తెస్తే ఇనుము దానిని అంటుకొని పైకి వస్తుంది. గంధకం కాగితంమీదే మిగిలిపోతుంది. అది మిశ్రమం. తరువాత ఉపాధ్యాయుడు బరువునుబట్టి ఏడు పాళ్ల ఇనుముకు నాలుగు పాళ్ల గంధకం చొప్పున పరీక్షనాళికలో వేసి వేడిచేస్తాడు. ఆ పొడి ఎర్రగా రాజుకొంటుంది. చల్లారేసరికి నల్లని ముద్ద మిగులుతుంది. ఇప్పుడు అయస్కాంతాన్ని ఎంత దగ్గరకు తెచ్చినా ఇనుము విడివడి రాదు. అది ఐరన్ సల్ఫైడు అనే సమ్మేళనం.

రెండింటిలోనూ ఉన్నవి అవే పదార్థాలు. వాటిని విడదీయడం సులభమా కాదా అన్న ప్రశ్నకు సమాధానం ఆ పదార్థాల పేర్లలో లేదు. వాటి నడుమ బంధం ఏర్పడిందా, ఏర్పడితే ఆ మంట ఎవరు పెట్టారు అన్నదానిలో ఉంది. ఇళ్లలోని కంప్యూటర్లలో ముందుగానే అమర్చి ఇచ్చే బ్రౌజరును గురించి పాతికేళ్లకు పైబడి న్యాయస్థానాలలోనూ ప్రభుత్వ సంస్థల ఎదుటా సాగుతూ వస్తున్న వివాదం కూడా సరిగ్గా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ప్రవాసంలో ఉన్న ఒక తెలుగు కుటుంబం కొత్త కంప్యూటరు కొని తెచ్చుకొంటుంది. తెర వెలిగేసరికే అందులో ఒక బ్రౌజరు కొలువుదీరి ఉంటుంది. ఇంటివారు తమకు నచ్చిన మరొక బ్రౌజరును తెచ్చుకొని దానికి అలవాటుపడతారు. అయినా తెర అడుగున ఉన్న వెదుకుపెట్టెలో ఒక మాట టైపు చేస్తే తెరుచుకొనేది మొదటిదే. వార్తల పలకమీద నొక్కితే ప్రత్యక్షమయ్యేదీ అదే. పోనీ, తొలగిద్దామని చూస్తే జాబితాలో దాని పేరు ఉంటుంది గాని పక్కన ఉండవలసిన మీట ఉండదు, ఉన్నా నొక్కుడుపడదు. పిలవని పేరంటానికి వచ్చిన అతిథినైనా పసుపుకుంకుమలిచ్చి సాగనంపవచ్చు. ఈ అతిథి మాత్రం ఇంటి దస్తావేజులో తన పేరు రాయించుకొని వచ్చినవాడు.

ఇది చిన్న చికాకే కదా, దీనికింత చర్చ ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. కాని బ్రౌజరు నేడు సాధారణమైన ప్రోగ్రాము కాదు. బ్యాంకు లావాదేవీలు, వైద్యుని నివేదికలు, పిల్లల చదువులు, స్వదేశంలోని తల్లిదండ్రులకు పంపే సొమ్ము, వీసా దరఖాస్తులు అన్నీ ఆ ఒక్క ద్వారంగుండానే సాగుతున్నాయి. ఆ ద్వారపాలకుణ్ణి నియమించుకొనే హక్కు, వద్దనుకొన్నప్పుడు తొలగించే హక్కు ఇంటి యజమానికి ఉండాలా, ఇంటిని కట్టి అమ్మినవాడికి ఉండాలా అన్నది చిన్న ప్రశ్న కాదు.

మంట పెట్టిన కథ

మొట్టమొదటి బ్రౌజరును 1990లో స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్ లీ రూపొందించారు. 1993లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన మొజాయిక్ దానిని సామాన్యుల వద్దకు చేర్చింది. మొజాయిక్‌ను తయారుచేసినవారిలో కొందరు 1994లో నెట్‌స్కేప్ సంస్థలో చేరి నావిగేటర్ అనే బ్రౌజరును వెలువరించారు. ఆ రోజులలో బ్రౌజరు అంటే కంప్యూటరులో విడిగా తెచ్చి పెట్టుకొనే ప్రోగ్రాము. విండోస్ ఒకటి, నావిగేటర్ మరొకటి. వద్దనుకొంటే తీసివేయవచ్చు. రసాయనపరిభాషలో చెప్పాలంటే స్వచ్ఛమైన మిశ్రమం.

1995 మే నెలలో మైక్రోసాఫ్ట్ అధినేత బిల్ గేట్స్ తన సహోద్యోగులకు రాసిన లేఖలో ఇంటర్నెట్టును ఒక ఉప్పెనతో పోల్చారు. ఆ ఏడాది ఆగస్టులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మొదటి రూపం వెలువడింది. మొదట అది విండోస్ 95తోపాటు విడిగా అమ్మిన అదనపు పొట్లంలో ఉండేది. తరువాత విండోస్‌తోనే ఉచితంగా వచ్చింది. 1998 జూన్‌లో విడుదలైన విండోస్ 98 నాటికి అది గోడలో కలిసిపోయింది. ఫైళ్లను చూపే కిటికీలు, సహాయపు పుటలు మొదలైనవన్నీ ఎక్స్‌ప్లోరర్ యంత్రభాగాన్నే వాడుకొనేలా కోడ్ రాయబడింది. ప్రోగ్రాములను తొలగించే జాబితాలో దాని పేరు లేదు. కాగితంమీద ఉన్న రజనునూ గంధకాన్నీ పరీక్షనాళికలోకి మార్చి వేడిచేయడమంటే ఇదే.

కలిపినంతమాత్రాన తప్పు కాదు. వంటయింట్లో ఉప్పును కూరలో కలపకుండా ఎవరూ వండరు. ఏ ప్రయోజనంకోసం కలిపారన్నదే ప్రశ్న. 1998 మే 18న అమెరికా న్యాయశాఖ, ఇరవై రాష్ట్రాలు మైక్రోసాఫ్ట్‌పై వ్యాజ్యం వేసినప్పుడు వారి అభియోగం ఇదే. వినియోగదారునికి మేలు చేయడానికి కాక నెట్‌స్కేప్‌కు ఊపిరాడకుండా చేయడానికే ఈ కలయిక జరిగిందని వారు వాదించారు.

న్యాయస్థానమే ప్రయోగశాల

ఈ వ్యవహారంలో శాస్త్రాభిమానులను ఆకట్టుకొనే ఘట్టాలు కొన్ని ఉన్నాయి. అంతకుముందు నడిచిన ఒక వ్యాజ్యంలో, ఎక్స్‌ప్లోరర్‌ను తీసుకొని తీరాలని కంప్యూటరు తయారీదారులను నిర్బంధించవద్దని 1997 డిసెంబరులో న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ ఆదేశించారు. దానిని తొలగిస్తే విండోస్ పనిచేయదని కంపెనీ బదులు చెప్పింది. న్యాయస్థానపు సిబ్బంది విండోస్ 95లోని తొలగింపు సదుపాయాన్నే ఉపయోగించి చూడగా తొంభై సెకన్లలోపే ఎక్స్‌ప్లోరర్ కనుమరుగైందనీ, విండోస్ మామూలుగానే నడిచిందనీ న్యాయమూర్తి వెల్లడించారు. పోయినవి పైపై గుర్తులే, కోడ్ అంతా లోపలే ఉందని కంపెనీ సమాధానమిచ్చింది. నిష్పక్షపాతంగా చూస్తే రెండు పక్షాలూ చెప్పినది నిజమే. అయస్కాంతానికి కొంత ఇనుము వచ్చింది. కొంత లోపల మిగిలింది.

రెండవ ఘట్టం 1998 డిసెంబరులోనిది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఎడ్వర్డ్ ఫెల్టెన్ విండోస్ 98లో ఎక్స్‌ప్లోరర్‌తో విహరించే వీలు లేకుండా చేసే చిన్న ప్రోగ్రామును తయారుచేసి ప్రభుత్వపక్షాన సాక్ష్యం చెప్పారు. ఆ ప్రోగ్రామును నడిపితే విండోస్ మందగిస్తుందని చూపడానికి 1999 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఒక వీడియో ప్రదర్శించింది. అందులోని తెరలలో ఒకదానికొకటి పొసగని వివరాలను ప్రభుత్వ న్యాయవాది డేవిడ్ బోయిస్ ఎత్తిచూపగా కంపెనీ ఆ ప్రదర్శనను మళ్లీ చేయవలసివచ్చింది. ప్రయోగశాలలో పనిచేసేవారందరికీ తెలిసిన పాఠం ఇది. కావలసిన ఫలితాన్ని ముందే నిర్ణయించుకొని చేసిన ప్రయోగం, పరీక్షకు నిలబడదు.

2000 జూన్‌లో జాక్సన్ కంపెనీని రెండుగా విడదీయాలని తీర్పునిచ్చారు. 2001 జూన్ 28న వాషింగ్టన్‌లోని అప్పీలు న్యాయస్థానం ఆ విభజనను రద్దుచేసింది. అయినా రెండు విషయాలను మాత్రం తప్పుగానే పరిగణించింది. ఎక్స్‌ప్లోరర్ పేరును తొలగింపు జాబితాలో చేర్చకపోవడం మొదటిది. బ్రౌజరు కోడ్‌ను, విండోస్ కోడ్‌ను ఒకే ఫైళ్లలో కలగలపడం రెండవది. ఈ రెండింటికీ తగిన సమర్థనను కంపెనీ చూపలేదని న్యాయస్థానం భావించింది. వెంటనే జూలైలో, విండోస్ ఎక్స్‌పీలోని తొలగింపు జాబితాలో ఎక్స్‌ప్లోరర్‌ను చేరుస్తామని కంపెనీ ప్రకటించింది. అసాధ్యమన్న పని తీర్పు వెలువడిన కొద్దివారాలలోనే సాధ్యమయింది.

అయితే ప్రభుత్వంతో చివరకు కుదిరిన ఒప్పందం ప్రజలకు ఇచ్చింది కొంచెమే. బ్రౌజరు గుర్తులను కనబడకుండా చేసుకోవచ్చు. కోడ్ మాత్రం అక్కడే ఉంటుంది. అతిథి వసారా వదిలి అటకమీదికి చేరాడు, అంతే.

పోటీ లేని ఐదేళ్లు

తొలగించలేని బ్రౌజరువల్ల నష్టమేమిటి? చరిత్ర దీనికి స్పష్టమైన సమాధానమిచ్చింది. 2001లో ఎక్స్‌ప్లోరర్ ఆరవ రూపం వచ్చింది. అప్పటికి నెట్‌స్కేప్ నేలకొరిగింది. ఎక్స్‌ప్లోరర్‌ను ప్రపంచంలో పదింట తొమ్మిదిమందికి పైగా వాడుతున్నారు. ఏడవ రూపం వెలువడినది 2006 అక్టోబరులో. నడుమ ఐదేళ్లు! ఆ కాలంలో ఇంటర్నెట్టు ఎంతగానో ఎదిగింది గాని, దానిని చూపే కిటికీ మాత్రం అలాగే ఉండిపోయింది. వైరస్‌లకూ దొంగ ప్రోగ్రాములకూ అదే రాచబాట అయింది. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ వెలువడి ప్రజలు దానివైపు మొగ్గిన తరువాతే మళ్లీ కదలిక వచ్చింది.

దక్షిణ కొరియా అనుభవం ఇంకా విచిత్రమైనది. 1990 దశకంలో బలమైన సంకేతలిపి పద్ధతులను విదేశాలకు పంపడంపై అమెరికా ఆంక్షలు పెట్టింది. కొరియన్లు తమ సొంత సంకేతలిపిని రూపొందించుకొన్నారు. అయితే దానిని ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే నడిచే యాక్టివ్‌ఎక్స్ అనే చేర్పు ద్వారా అమలుచేశారు. ఫలితంగా బ్యాంకులు, దుకాణాలు, ప్రభుత్వ కార్యాలయాలు మొదలైనవన్నీ ఏళ్ల తరబడి ఒకే బ్రౌజరుకు కట్టుబడిపోయాయి. ఆ ధ్రువపత్రాల విధానానికి చట్టం కల్పించిన ప్రత్యేక హోదా తొలగినది 2020 డిసెంబరులోనే. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ప్లోరర్‌కు స్వస్తి చెప్పినప్పుడు గ్యోంగ్జు నగరంలో ఒక ఇంజనీరు దానికి సమాధిరాయి చెక్కించాడు. ఇతర బ్రౌజర్లను దింపుకోవడానికి అది మంచి పనిముట్టుగా ఉపయోగపడిందన్న హాస్యోక్తి దానిమీద ఉంది. నవ్వు వెనుక ఒక జాతి పడిన అవస్థ కూడా ఉంది.

తెలుగువారికి ఈ అవస్థ పరాయిది కాదు. యూనికోడ్‌లో తెలుగు లిపికి 1991లోనే స్థానం లభించింది. కాని గౌతమి ఖతితో సహా తెలుగును సరిగా చూపగల విండోస్ ఎక్స్‌పీ వచ్చినది 2001లో. ఆ నడిమి కాలంలో తెలుగు పత్రికలు తమ తమ సొంత ఖతులతో పుటలను వెలువరించాయి. ఆ ఖతిని పాఠకుని కంప్యూటరుకు పుటతోపాటే పంపడానికి మైక్రోసాఫ్ట్ పద్ధతి ఒకటి, నెట్‌స్కేప్ పద్ధతి మరొకటి. ఒకదానికోసం తయారుచేసిన పుట రెండవదానిలో తెలుగుగా కాక అర్థంలేని రోమన్ అక్షరాల గుంపుగా కనబడేది. డాలస్‌లోనో దుబాయిలోనో కూర్చొని ఊరివార్త చదవాలని ఆశపడినవారికి మాతృభాషకూ బ్రౌజరుకూ ముడిపడిపోయింది. ఫైర్‌ఫాక్స్‌కోసం తయారైన 'పద్మ' అనే చేర్పు ఆ సొంత ఖతుల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపినప్పుడే ఆ ముడి వీడింది. లిపి అందరిదీ అయితే ఏ కిటికీనుండైనా చదవవచ్చు. లిపి ఒక కిటికీ సొత్తయితే ఆ కిటికీని మార్చే స్వేచ్ఛ పాఠకునికి ఉండదు.

ఐరోపాలో పనిచేసే అయస్కాంతం

ఈ కథలో ఐరోపా వేరు మార్గం తొక్కింది. నార్వేకు చెందిన ఒపేరా సంస్థ 2007 డిసెంబరులో చేసిన ఫిర్యాదు ఫలితంగా, విండోస్ వాడేవారికి వివిధ బ్రౌజర్ల పేర్లు చూపి ఎంచుకోమని అడిగే తెరను ఏర్పాటుచేస్తామని మైక్రోసాఫ్ట్ 2009 డిసెంబరులో ఒప్పుకొంది. 2010 మార్చినుండి ఆ తెర కనబడసాగింది. అయితే 2011 మే నుండి 2012 జూలై వరకు ఒక విడుదలలో అది మాయమయింది. సాంకేతిక పొరపాటని కంపెనీ సంజాయిషీ చెప్పుకొంది. సుమారు కోటీ యాభై లక్షలమందికి ఎంపిక అందలేదంటూ 2013 మార్చి 6న ఐరోపా కమిషన్ 56 కోట్ల 10 లక్షల యూరోల జరిమానా విధించింది.

2024 మార్చి 7నుండి పెద్ద కంపెనీలు పాటించవలసివచ్చిన డిజిటల్ మార్కెట్ల చట్టం మరొక అడుగు ముందుకు వేసింది. యంత్రం నడవడానికి అత్యవసరమైనవీ, ఇతరులు విడిగా అందించడానికి సాంకేతికంగా వీలులేనివీ తప్ప, ముందుగా పెట్టి ఇచ్చిన ఏ ప్రోగ్రామునైనా సులభంగా తొలగించే వీలు వినియోగదారునికి కల్పించాలని ఆ చట్టం శాసిస్తుంది. ఫలితం? ఐరోపా ఆర్థిక మండలంలోని దేశాలలో విండోస్ 11లోని ఎడ్జ్ బ్రౌజరును నేడు తొలగించవచ్చు. 2024 డిసెంబరునుండి ఐరోపా సమాఖ్యలో ఐఫోన్‌నుండి సఫారీని కూడా చెరిపివేయవచ్చు.

ఇక్కడే పాఠకులు ఒక్కక్షణం ఆగి ఆలోచించాలి. డబ్లిన్‌లోని తెలుగు ఇంజనీరు ఎడ్జ్‌ను తొలగించగలడు. లండన్‌లోని అతని తమ్ముడు, హ్యూస్టన్‌లోని అక్క, హైదరాబాదులోని తండ్రి అదే మీట నొక్కబోతే అది పనిచేయదు. నలుగురి దగ్గరా ఉన్నది అదే విండోస్, అదే ఎడ్జ్. తేడా అల్లా కంప్యూటరును మొదట అమర్చేటప్పుడు ఎంచుకొన్న దేశం పేరులో ఉంది. పదార్థాల నడుమ రసాయనబంధం నిజంగా ఉంటే అది దేశాన్నిబట్టి మారదు. ఐరన్ సల్ఫైడు డబ్లిన్‌లోనూ హైదరాబాదులోనూ ఒకే తీరున ప్రవర్తిస్తుంది. ఒక దేశంలో విడివడి మరొక దేశంలో విడివడనిది సమ్మేళనం కాదు. అయస్కాంతాన్ని దగ్గరకు రానివ్వకుండా కంచెవేసిన మిశ్రమం.

భారతదేశంలో కూడా ఒక ప్రయత్నం జరిగింది. ఆండ్రాయిడ్ ఫోన్ల విషయంలో 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధిస్తూ, ముందుగా పెట్టి ఇచ్చిన తన యాప్‌లను తొలగించడాన్ని అడ్డుకోరాదని కూడా ఆదేశించింది. 2023 మార్చి 29న అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టింది గాని, తొలగింపునకు సంబంధించిన ఆదేశాన్ని కొట్టివేసింది. కంచె అలాగే మిగిలింది.

ఎదుటివారి వాదన

కంపెనీల వాదనలో సత్యమే లేదనడం న్యాయం కాదు. బ్రౌజరు లేకుండా అమ్మిన కంప్యూటరును ఇంటికి తెచ్చుకొంటే, మరో బ్రౌజరును తెచ్చుకొనే దారి ఏది? కంప్యూటరు పరిచయం లేని తాతగారికి, అమ్మమ్మగారికి తెర వెలిగిన వెంటనే పనిచేసే ద్వారం ఒకటి అవసరమే. రెండవది, బ్రౌజరు లోపలి యంత్రభాగాన్ని అనేక ఇతర ప్రోగ్రాములు వాడుకొంటాయి. దానిని పెకలిస్తే అవి కుంటుపడతాయి. మూడవది, భద్రతకు సంబంధించిన మరమ్మతులు ఒకే చోటనుండి రావడం మేలు.

మొదటి వాదనకు సమాధానం సులభం. ముందుగా ఒకటి పెట్టి ఇవ్వడం వేరు, దానిని కదలనివ్వకపోవడం వేరు. కొత్త ఇంటిలో ఒక దీపం పెట్టి ఇస్తే ఎవరూ కాదనరు. ఆ దీపాన్ని మార్చరాదని శాసిస్తేనే తగవు. రెండవదానికి సమాధానం ఐరోపాలోనే దొరుకుతుంది. అక్కడ ఎడ్జ్‌ను తొలగించినా ఇతర ప్రోగ్రాములు వాడుకొనే వెబ్‌వ్యూ అనే యంత్రభాగం విడిగా మిగిలి ఉంటుంది. దుకాణం మూసినా వీధిదీపం వెలుగుతూనే ఉంటుంది. రెండింటినీ వేరుచేసి కట్టడం సాధ్యమేనని దీనితో తేలిపోయింది.

మూడవ వాదన నిలిచేది కొంతవరకే. కలగలిపిన కోడ్ భద్రతకు చేటు కూడా తెస్తుంది. 2021 సెప్టెంబరులో ఎక్స్‌ప్లోరర్ యంత్రభాగంలోని ఒక లోపాన్ని ఆసరా చేసుకొని దుండగులు వర్డ్ పత్రాల ద్వారా దాడులు చేశారు. ఎక్స్‌ప్లోరర్‌ను ఒక్కనాడూ తెరవనివారు కూడా ఆ ముప్పుకు లోనయ్యారు. దానికి స్వస్తి చెప్పిన రెండేళ్లకు, 2024లో కూడా, విండోస్ 10, 11 కంప్యూటర్లలో నిద్రాణంగా ఉన్న ఎక్స్‌ప్లోరర్‌ను మాయ లంకెల ద్వారా మేల్కొలిపే దాడులు బయటపడ్డాయి. వాడని గదికి కూడా తలుపు ఉంటుంది. ఆ తలుపుకు కూడా గడియ వేయాలి.

కంపెనీలకు ఈ పట్టుదల ఎందుకో లెక్కలే చెబుతాయి. ఫోన్లలోనూ బ్రౌజర్లలోనూ తన వెదుకుపెట్టె ముందుగా ఉండడానికి గూగుల్ ఒక్క 2021 సంవత్సరంలోనే 2,630 కోట్ల డాలర్లు ఇతరులకు చెల్లించినట్లు అమెరికా న్యాయస్థానంలో వెల్లడయింది. ఆ వ్యాజ్యంలో న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టు 5న, గూగుల్ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా కాపాడుకొంటున్నదని తీర్పునిచ్చారు. 2025 సెప్టెంబరులో క్రోమ్ బ్రౌజరును అమ్మివేయాలన్న ప్రభుత్వ కోరికను మాత్రం ఆయన అంగీకరించలేదు. ముందుగా పెట్టి ఉన్నదానిని మనుషులు సాధారణంగా మార్చరన్న ఒక్క నమ్మకం విలువ అది. మనిషి బద్ధకానికి ఇంత వెల కట్టిన యుగం మరొకటి లేదు.

ఇంటింటా చేయదగినది

చట్టాలు మారేదాకా చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. కొన్ని పనులు ఎవరైనా చేసుకోవచ్చు.

మొదటిది: తొలగింపు, నిలుపుదల, ఎంపిక మార్పు అనేవి మూడు వేరు వేరు పనులని గ్రహించాలి. విండోస్ 11లో సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్ అనే వరుసలో వెళ్లి, కావలసిన బ్రౌజరు పేరు ఎంచుకొని, పైనున్న సెట్ డిఫాల్ట్ మీట నొక్కితే ఎక్కువ లంకెలు అందులోనే తెరుచుకొంటాయి. 2021లో విండోస్ 11 వచ్చిన కొత్తలో ఈ మార్పును ఒక్కొక్క ఫైలురకానికీ విడివిడిగా చేయవలసివచ్చేది. వినియోగదారులు గట్టిగా ఆక్షేపించాకే 2022 మార్చిలో ఈ ఒక్క మీట వచ్చింది. అడిగితేనే అమ్మయినా పెడుతుందన్న సామెత ఇక్కడ కూడా వర్తిస్తుంది.

రెండవది: ఎడ్జ్‌ను తొలగించలేనిచోట దానిని నిద్రపుచ్చవచ్చు. ఎడ్జ్ సెట్టింగ్స్‌లోని సిస్టమ్ విభాగంలో స్టార్టప్ బూస్ట్ అనే మీటనూ, మూసిన తరువాత కూడా వెనుక నడిచే అనుమతినీ ఆపివేస్తే అది పిలిచినప్పుడు తప్ప లేవదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో క్రోమ్ ముందుగా వచ్చినచోట, యాప్స్ జాబితాలో దాని పేరును తెరచి డిసేబుల్ నొక్కితే అది కనబడదు, నడవదు. ఐఫోన్‌లో మరో బ్రౌజరును ముఖ్యమైనదిగా ఎంచుకొనే వీలు 2020నుండి ఉంది. పిల్లల ఫోన్లలో సఫారీని కనబడకుండా చేయాలంటే స్క్రీన్ టైమ్‌లోని అనుమతించిన యాప్‌ల జాబితాలో దానిని ఆపవచ్చు.

మూడవది: ఏ పనికైనా క్రమం ముఖ్యం. పాతదానిని ఆపకముందే కొత్తదానిని తెచ్చుకొని పరీక్షించాలి. దాచుకొన్న లంకెలను, సంకేతపదాలను కొత్తదానిలోకి మార్చుకోవాలి. లేనిపక్షంలో పడవ దిగకముందే తెప్ప తగలబెట్టినట్లవుతుంది.

నాలుగవది: ఎడ్జ్‌ను సమూలంగా పెకలిస్తామని వాగ్దానంచేసే అనధికారిక ప్రోగ్రాముల జోలికి పోరాదు. అవి విండోస్ ఫైళ్లను బలవంతంగా చెరపడంవల్ల ఇతర ప్రోగ్రాములు దెబ్బతినవచ్చు. తరువాతి విండోస్ మరమ్మతుతో ఎడ్జ్ మళ్లీ ప్రత్యక్షం కావచ్చు. ఏ ఊరూ పేరూ లేనివారి ప్రోగ్రాముకు కంప్యూటరుపై సర్వాధికారాలు ఇవ్వడం, ఎలుకలకోసం ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

ఐదవది: పేరు మారినంతమాత్రాన యంత్రం మారదు. 2020 జనవరినుండి ఎడ్జ్ కూడా గూగుల్ ఆధ్వర్యంలో పెరిగిన క్రోమియం యంత్రభాగంమీదే నడుస్తున్నది. ఒపేరా, బ్రేవ్ కూడా అంతే. వేరే యంత్రం కావాలనుకొనేవారికి కంప్యూటరులో ఫైర్‌ఫాక్స్, ఆపిల్ యంత్రాలలో సఫారీ మిగిలి ఉన్నాయి. ఇంట్లో ఒక్కరైనా భిన్నమైన యంత్రాన్ని వాడడం పోటీ బ్రతకడానికి ఉడతాభక్తి సాయం.

కొన్నవాడి హక్కు

ఎక్స్‌ప్లోరర్ వెళ్లిపోయింది, నెట్‌స్కేప్ అంతకుముందే గతించింది, ఎడ్జ్, క్రోమ్ కూడా ఒకనాడు వెళ్లిపోతాయి. పేర్లు మారినా ప్రశ్న మారదు. నేడు అదే తీరున కృత్రిమ మేధ సహాయకులను కూడా కంప్యూటరులోనూ ఫోనులోనూ ముందుగానే పెట్టి ఇస్తున్నారు. బ్రౌజరు విషయంలో నోరు మెదపనివారు రేపు వాటి విషయంలో కూడా మెదపలేరు.

ఒక సాంకేతిక నిర్ణయం అనివార్యమని ఎవరైనా చెప్పినప్పుడు విజ్ఞానశాస్త్రం నేర్పిన మొదటి గుణం అక్కరకు రావాలి. ప్రయోగం చేసి చూపమని అడగడమే ఆ గుణం. తొంభై సెకన్లలో ఒక ప్రయోగం న్యాయస్థానంలో జరిగింది. డబ్లిన్‌లో ప్రతిరోజూ మరొక ప్రయోగం జరుగుతున్నది. ఫలితం రెండుచోట్లా ఒకటే. విడదీయవచ్చు.

తెలుగువారిలో ఎందరో ఈ కంపెనీలలోనే పనిచేస్తున్నారు. ఆ కోడ్‌లో కొంత వారి చేతులమీదుగానే సాగుతున్నది. కొత్త విభాగాన్ని పాతదానితో కలిపే సందర్భం వచ్చినప్పుడు, దీనిని తొలగించే మీట ఎక్కడ అని సమావేశంలో ఒక్కరు అడిగినా మేలే. ఇంట్లో ఉన్నవారు పిల్లలకు కంప్యూటరు అప్పగించేటప్పుడు, ఇది ముందుగా వచ్చింది గనుక ఇదే వాడాలన్న నియమం లేదని చెప్పినా మేలే. ఐరోపావారికి దక్కిన మీట అమెరికాలోనూ భారతదేశంలోనూ దక్కాలని అడగడంలో అత్యాశ ఏమీ లేదు. డబ్బు పోసి కొన్న ఇంట్లో ఎవరు ఉండాలో నిర్ణయించేది ఇంటివారే కావాలి.